తొమ్మిది సర్టిఫికెట్లు, ఒక్క గాటు

“బ్రేకు పోయినా లిఫ్టు పడకూడదు. ఇంకోటి పట్టుకోవాలి. అదెందుకు పట్టుకోలేదో చూడమన్నాడు.”

లాకప్పులోంచి తమ్ముడు చెప్పి పంపిన మాటలివే. వాటిని అక్క పొద్దుటినుంచి నాలుగోసారి అత్తగారికి అప్పజెప్పింది. ఒక్క అక్షరం మారలేదు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. ఒకరు అప్పగించినదాన్ని ఇంకొకరికి చెక్కుచెదరకుండా చేర్చడం ఆమెకు రోజూ ఉన్న పనే.

అత్తగారంటే ఎవరికీ అత్తగారు కాదు. పెళ్లే చేసుకోని మనిషికి కోడలెక్కణ్నుంచి వస్తుంది? బీమా కంపెనీలో ప్రమాదాల మీద దర్యాప్తు చేసే రోజుల్లో, ఏ కాగితం తెచ్చి ముందు పెట్టినా ఏదో ఒక వంక పెట్టి వెనక్కి పంపేది. అప్పుడు తోటివాళ్లు తగిలించిన పేరది. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా పేరు మాత్రం ఆవిణ్ని వదల్లేదు. ఇప్పుడు పోలీసులు కూడా ఎదురుగానే అలా పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది.

జరిగింది ఇదీ. బుధవారం పొద్దున ఈ అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో ఉండే ట్యూషన్ మాస్టారు పుస్తకాల పెట్టెలూ, ఒక ఇనప బీరువా లిఫ్టులోకి ఎక్కించి కిందికి బయల్దేరాడు. కింద గది దొరికింది, ఇక పిల్లలకు మెట్లెక్కే బాధ తప్పుతుందని వారం రోజులుగా కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుని సంబరపడుతున్నాడు. బరువు మీదున్న లిఫ్టు బ్రేకు నిలవక జారింది, ఎక్కడా ఆగకుండా అడుక్కి పోయి పడింది. మాస్టారు ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. లిఫ్టు బాగుందని లిఫ్టుల భద్రతా సంఘం ఇచ్చిన సర్టిఫికెట్టు గోడమీద వేలాడుతోంది కాబట్టి, తప్పు చేయడానికి ఇక మిగిలింది మెకానిక్కు ఒక్కడే, అంటే అక్క తమ్ముడు. బ్రేకు అరిగిపోయింది మార్చండని రెండుసార్లు చెప్పానని అతను మొత్తుకున్నాడు. ఎవరికీ వినపడలేదట. నిన్న రాత్రి అతన్ని పట్టుకెళ్లారు. ఇవాళ శనివారం. సాయంత్రం అతన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు, అక్కణ్నుంచి జైలుకి.

ఐదో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిపించి, నేల మీద పాత దుప్పటి పరిపించుకుని, అత్తగారు బోర్లా పడుకుంది. తలా భుజాలూ ఆ నిలువు గోతిలోకి వెళ్లాయి. అక్క వెనక కూర్చుని ఆవిడ కాళ్లు రెండూ పట్టుకుంది.

“గట్టిగా పట్టుకో అమ్మాయ్. నేను పడితే ఇంకో కేసవుతుంది. దానికి కూడా మీ తమ్ముణ్నే పట్టుకుంటారు.”

అపార్ట్‌మెంటు సెక్రటరీ తాళాలగుత్తి చేతిలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. రిటైరైన మనిషి, మర్యాదస్తుడు. అడక్కుండానే మంచినీళ్లిచ్చాడు కానీ, అడిగినవాటికి మాత్రం ఆచితూచి జవాబులిస్తున్నాడు. సంఘం మనిషి కిందటేడు వచ్చి చూశాడు, అప్పటినుంచి మెకానిక్కు తప్ప ఇంకెవరూ లిఫ్టు మీద చెయ్యి వెయ్యలేదు. పోలీసులకు రాసిచ్చింది అదే, అత్తగారికి చెప్పిందీ అదే.

టార్చి వెలుతురు ఇనప పట్టాల మీద పాకింది. లిఫ్టు ఈ రెండు పట్టాలనీ ఆనుకునే పైకీ కిందికీ తిరుగుతుంది. ఏళ్ల తరబడి నూనె పట్టి నల్లగా ఉన్నాయి. గడపకి మూరెడు కింద ఆ నలుపు చెదిరి, జానెడు పొడవున ఇనుము తెల్లగా బయటపడి ఉంది. ఎడమ పట్టా మీద ఎంత ఎత్తులో ఉందో కుడి పట్టా మీదా అంతే ఎత్తులో ఉంది. ఆవిడ చెయ్యి చాచి తడిమింది. అంచులు వేలికి గుచ్చుకున్నాయి. తుప్పు చుక్కయినా లేదు. టార్చి పైకి తిప్పింది, కిందికి తిప్పింది. ఇంకెక్కడా అలాంటి గాటు లేదు.

“లాగమ్మాయ్,” అంది.

లేచి కూర్చుని, చీరకంటిన మసిని చూసుకుని, దులుపుకోవడం దండగని వదిలేసింది.

“లిఫ్టు హద్దు మీరిన వేగంతో దిగితే దాని అడుగున ఉన్న ఇనప చీలలు ఈ పట్టాలని కరిచి పట్టుకోవాలి. మీ తమ్ముడు చెప్పిన ఇంకోటి అదే. కరిస్తే గాటు పడుతుంది. ఇక్కడ పడింది.”

“అయితే బుధవారం పట్టుకున్నట్టేగా,” అన్నాడు సెక్రటరీ, గబుక్కున.

“పట్టుకునుంటే మాస్టారు ఈపాటికి కింద పాఠం చెప్పుకుంటూ ఉండేవాడు. అంత వేగంలో కరిస్తే పట్టా బారెడు పొడవున చీరుకుపోతుంది. ఇది జానెడు. నెమ్మదిగా దిగే లిఫ్టుని ఎవరో కావాలని కరిపించి చూశారు. దీన్ని పరీక్ష అంటారు.” ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “కింద ఫ్రేములు కట్టించి మరీ పెట్టారు తొమ్మిది సర్టిఫికెట్లు. ఏటేటా ఈ పరీక్ష చేశామని అన్నిట్లోనూ ఉంది. తొమ్మిదిసార్లు కరిపిస్తే తొమ్మిది గాట్లుండాలి కదండీ. ఆకురాయి పెట్టి నున్నగా రాసినా ఆనవాలు పోదు. నాకు ఒక్కటే కనపడింది. అదీ నిన్నమొన్నటిది.”

సెక్రటరీ తాళాలగుత్తిని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

అత్తగారు మాట మార్చింది. గొంతులో బోలెడంత సానుభూతి తెచ్చుకుంది.

“పాపం, అలా టక్కున ఆగినప్పుడు లోపలున్నవాళ్లు హడలిపోయుంటారు. ఎవరైనా ఇరుక్కున్నారా?”

“లేదండీ, ఖాళీ లిఫ్టే దింపాడు.”

అనేశాక గానీ తను ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. అక్క తలెత్తి చూసింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుంది.

“ఎవరు దింపారు?”

సెక్రటరీ మెట్లమీద కూర్చుండిపోయాడు. ఇక ఆయన్ని గుచ్చి అడగక్కర్లేకపోయింది.

“మంగళవారం మధ్యాహ్నం వచ్చాడండీ, సంఘం ఇన్‌స్పెక్టరు. ఇంకా చాలా ఇళ్లు చూసుకోవాలి, తొందరగా మేడ తాళం తియ్యమన్నాడు. ఇన్నేళ్లలో అతను మేడెక్కడం నేనదే చూడటం. ఎప్పుడూ కింద కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, సంతకం పెట్టి పోయేవాడు.”

“మీకేమీ అనిపించేది కాదా?”

“సర్టిఫికెట్టు చేతికొచ్చేది కదండీ. మేం మాత్రం ఎక్కి చూస్తామా? చూసినా ఏం తెలుస్తుంది?” ఆయన చెమట తుడుచుకున్నాడు. “పరీక్షయ్యాక లిఫ్టు సరిగా నడవలేదు. ఐదో అంతస్తులోంచి అడుగు దిగడం, మళ్లీ అదే చోట ఆగిపోవడం. మూడో అంతస్తు పెద్దావిడ తలుపు దగ్గర నిలబడి అందరినీ చెడామడా తిట్టింది. నేనూ కంగారుపడి ఏదో ఒకటి చెయ్యి బాబూ అన్నాను. మళ్లీ పైకెళ్లి ఏదో చేసొచ్చాడు. నడిచింది. వచ్చే వారం మనిషిని పంపి బాగుచేయిస్తానన్నాడు. మర్నాడే మాస్టారు...”

“పోలీసులకి చెప్పలేదేం?”

“సంఘం వాళ్లు ఫోన్ చేశారండీ, మంగళవారం సంగతి ఎత్తొద్దని. ఎత్తితే ఆగుతున్న లిఫ్టుని నడపమన్నది మీరే కదా, మీ మెడకే చుట్టుకుంటుందన్నారు.”

అక్క చాలా నెమ్మదిగా అడిగింది.

“మీ మెడకి చుట్టుకుంటుందని మా తమ్ముడి మెడకి తగిలించారా బాబాయ్ గారూ?”

ఆయన తల ఎత్తలేదు. ఆ పిలుపు దెబ్బకంటే గట్టిగా తగిలినట్టుంది.

మేడమీదికి మెట్లెక్కుతూ అత్తగారు ఆలోచనలో పడింది. ఇన్‌స్పెక్టరుకి ఆ తొందర ఎందుకొచ్చిందో ఆవిడకి తెలుసు. పేపరు చదివే ప్రతివాళ్లకీ తెలుసు. ఎల్లుండి సోమవారం నుంచి సమాచార హక్కు చట్టం కొత్తవాళ్లకి కూడా వర్తిస్తుంది. ఇన్నాళ్లూ అది ప్రభుత్వ ఆఫీసులకే ఉండేది. ప్రభుత్వం చెయ్యాల్సిన పనిని ప్రభుత్వం తరఫున చేసే సంఘాలూ, కంపెనీలూ ఇకమీదట దాని కిందికి వస్తాయి. సోమవారం నుంచి ఏ ఇంటి ఇల్లాలైనా సరే, మా లిఫ్టుని ఎవరు, ఎప్పుడు, ఎలా చూశారని అడిగితే సంఘం చెప్పి తీరాలి. చూడనివాళ్లు ఏం చెబుతారు? అందుకే ఏళ్లతరబడి ఎగ్గొట్టిన పరీక్షలన్నీ ఒక్క నెలలో చేసెయ్యాలని ఊరిమీద పడ్డారు.

ఈ చట్టం రావాలని ఆవిడ గట్టిగా కోరుకుంది. బీమా కంపెనీలో ఉండగా ఈ సంఘం గుమ్మం ముందు పడిగాపులు పడి, మాది ప్రైవేటు సంస్థ అనిపించుకుని వెనక్కి వచ్చిన రోజులు ఆవిడ మర్చిపోలేదు. అడిగేవాళ్లుంటే పని జరుగుతుందని అందరితో వాదించింది. ఇప్పుడు పని జరిగింది నిజమే. తొమ్మిదేళ్లూ కుర్చీ దిగని మనిషి మేడెక్కాడు, పరీక్ష చేశాడు, ఒక మాస్టారు చచ్చిపోయాడు. చట్టాన్ని తప్పుపట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. కానీ భయంతో పరుగెత్తేవాడు పని నేర్చుకుని పరుగెత్తడు కదా అనుకుంటే దిగులేసింది.

లిఫ్టు మోటారు గది మేడమీద ఒక మూల ఉంది. ఇరుకు గది, గ్రీజు వాసన. మోటారు పక్కనే గవర్నర్ అనే చక్రం ఉంది. లిఫ్టుతోపాటు తిరిగే ఒక తాడు దీనిమీంచి పోతుంది. వేగం హద్దు దాటితే చక్రం పక్కనున్న దవడ పడి ఆ తాడుని కరుచుకుంటుంది, తాడు బిగిసి కింద చీలల్ని లాగుతుంది, చీలలు పట్టాలని పట్టుకుంటాయి. అంతా ఇనుము చేసే పనే, కరెంటుతో కూడా సంబంధం లేదు.

ఆ చక్రం దగ్గర సన్నటి తీగకి వేలాడుతూ ఒక పచ్చటి బిళ్ల, దానిమీద నెంబరు, సంఘం ముద్ర.

“పోలీసులు కూడా చూశారండీ,” అన్నాడు వెనకే వచ్చిన సెక్రటరీ. “సీలు భద్రంగా ఉందని రాసుకున్నారు. దాన్ని ముట్టుకోకూడదట.”

అత్తగారు కూడా అలాగే అనుకుని మోటారు వైపు తిరిగింది. బ్రేకు చూసింది. మెకానిక్కు చెప్పినట్టే అరిగి పలచబడిపోయింది. తాళ్లు చూసింది. బాగానే ఉన్నాయి. ఇక చూడ్డానికి ఏమీ లేదనిపించి, ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి దానిమీద కూర్చుంది. అక్క గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ ముఖంలోకే చూస్తోంది. అలా చూసేవాళ్లు ఉన్నప్పుడు ఏమీ దొరకలేదని చెప్పడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

బీమా కంపెనీలో ఆవిడకి మొట్టమొదట నేర్పిన పాఠం, సీలు కనపడితే చేతులు వెనక్కి కట్టుకోవాలని. సీలు ఉందంటే లోపలంతా సవ్యంగా ఉన్నట్టే. ఎన్నేళ్లుగా నమ్మిందో ఆ మాట. ఇప్పుడు డబ్బామీద కూర్చుని ఒక చిన్న ప్రశ్న వేసుకుంది. అసలు ఈ సీలు దేనికి వేస్తారు? వేగం హద్దు సరిచేసే స్క్రూని ఎవరూ తిప్పకుండా. మరి ఆ స్క్రూ ఎక్కడుంది?

ఆవిడ లేచి చక్రం అవతలికి వంగింది. స్క్రూ ఉంది. బోసిగా ఉంది. తీగ దాని దరిదాపుల్లో లేదు.

“సెక్రటరీ గారూ, మీ ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. నేనూ తీస్తాను. దగ్గర్నుంచి తియ్యండి, ముట్టుకోకండి.”

ఫోటోలు తీయడం పూర్తవుతుండగా మెట్లమీద ఆయాసం వినపడింది. సంఘం విజిలెన్స్ ఆఫీసరు పైకొచ్చాడు. పోలీసు ఉద్యోగంలో రిటైరయ్యాక సంఘంలో చేరిన మనిషి. ఎక్కడ ఏ కేసు తెరుచుకోబోయినా ముందుగా వెళ్లి మూసేస్తాడని ఊళ్లో ఆయన్ని చాటుగా తాళం అంటారు. బీమా రోజుల్నుంచీ ఆయనకీ అత్తగారికీ పడదు. ఒకళ్లమీద ఒకళ్లకి గౌరవం లేకపోలేదు, పైకి చెప్పుకోరంతే.

“మీరు లేని చోటే ఉండదు కదా అత్తగారూ.”

“మీరు తాళం వెయ్యని చోటు దొరికితే అక్కడే ఉండిపోతాను.”

“అది మా సీలు. చెయ్యి పడితే నేరం.”

“చెయ్యి వెయ్యలేదు, కళ్లేశాను. చూడ్డానికి కూడా సోమవారం దాకా ఆగాలా?”

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “సోమవారం నుంచి అర్జీ పెట్టుకోండి, శుభ్రంగా. ముప్పై రోజుల్లో జవాబిస్తాం. ఇవాళ మాత్రం మాది ప్రైవేటు సంఘం. మా రికార్డులు మావి.”

“పదేళ్ల కిందట ఈ పని ప్రభుత్వ ఆఫీసులో ఉండేది. వెళ్లి అడిగితే విసుక్కునేవాళ్లు, తిప్పించుకునేవాళ్లు, చివరికి చెప్పేవాళ్లు. తర్వాత పని మీ చేతికొచ్చింది. లిఫ్టులు మారలేదు, ఎక్కే జనం మారలేదు. జవాబు చెప్పే బాధ్యత ఒక్కటి మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. మీకు కనపడిందా?”

“అదెత్తి మా నెత్తిన పెట్టారుగా మళ్లీ. మేమూ సిద్ధంగానే ఉన్నాం. ఆ పచ్చ సీలు చూశారా? పాత సీసపు బిళ్లలకి నెంబర్లుండేవి కావు. ఇప్పుడు ప్రతిదానికీ నెంబరు. ఎవరూ చెప్పకముందే మేం చేసుకున్న ఏర్పాటు.”

“బాగుందండీ. ఎప్పటినుంచి?”

“ఈ నెల మొదటినుంచి.”

“మరి ఈ ఇంటికి మీరిచ్చిన సర్టిఫికెట్టు కిందటేడుది. అప్పటినుంచి మీ మనిషి ఇక్కడికి రాలేదని సెక్రటరీ గారు పోలీసులకి రాసిచ్చారు. ఈ నెలలో పుట్టిన సీలు మెట్లెక్కి తనే వచ్చిందా?”

ఆఫీసరు సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ గుమ్మంలోంచి ఆకాశం వైపు చూశాడు.

ఆయన అనుభవమున్న మనిషి. ఎక్కడ పట్టు జారిందో తెలిశాక పెనుగులాడలేదు. గొంతు తగ్గించి అక్క వైపు తిరిగాడు.

“అమ్మా, నీతో మాట్లాడతాను. మంగళవారం మా మనిషి వచ్చాడు, నిజమే. పరీక్ష చేశాడు, సీలేశాడు. అందులో తప్పేమీ లేదు. తేదీలు కాస్త అటూ ఇటూ అయ్యాయి, అంతే. మీ తమ్ముడి మీద కేసు నిలబడ్డది మా నిపుణుల నివేదిక మీద. గంటలో దాన్ని మార్చి ఇప్పిస్తాను. యంత్రంలో లోపం, మనిషి తప్పు లేదని. సాయంత్రానికి అతను ఇంట్లో ఉంటాడు. ఈ ఫోటోలు మీరు మర్చిపోవాలి. సంఘం పేరు పాడైతే ఎవరికి లాభం చెప్పు?”

అక్క గోడకి ఆనుకుంది. ఆమె ముఖంలో ఏముందో దాచుకోవడం ఆమెకి రాలేదు. తమ్ముణ్ని ఎత్తుకు పెంచిన మనిషి. వాడికి చిన్నప్పటినుంచీ తలుపేసిన గదిలో ఊపిరాడదు. అందుకే లిఫ్టు లోపల నిలబడడు, పైకెక్కి పనిచేస్తాడని నవ్వుతూ చెప్పింది పొద్దున. చెప్పి ఏడ్చింది.

“ఏం చెయ్యమంటారు అత్తగారూ?”

“నన్నడక్కు అమ్మాయ్. నేను నీ తరఫున వచ్చినదాన్ని. నువ్వు సరేనంటే ఈ ఫోటోలు ఇప్పుడే తీసేస్తాను, ఒక్క మాట కూడా అనను. నీ తమ్ముడు నీకు ముఖ్యం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే సరేననే ముందు ఒక్కటి తెలుసుకో. ఆఫీసరు గారూ, మీరు కూడా ఇలా వచ్చి చూడండి. మీకు తెలిసి దాస్తున్నారనుకున్నాను. తెలియదని ఇప్పుడే అర్థమైంది.”

ఆయన అయిష్టంగానే వంగాడు.

“సీలు తీగ ఈ స్క్రూలోంచి పోవాలి. చూడండి, పోయిందా? పోలేదు. దవడ చుట్టూ రెండు చుట్లు తిరిగింది.”

“తిరిగితే?”

“దవడ పడదు. లిఫ్టు ఎంత వేగంగా దిగినా సరే, ఇది పడదు, తాడుని పట్టుకోదు, కింద చీలలు కదలవు. మీ వాడు ఏళ్ల తర్వాత మొదటిసారి దీన్ని కదిపాడు. కదిపాక అది కుదురుగా నిలబడలేదు. ఊరికే పడుతూ లిఫ్టుని ఆపుతోంది. కింద జనం కేకలు, అవతల ఇంకా బోలెడు ఇళ్లు. బాగుచెయ్యడానికి టైము లేదు. చేతిలో సీలు తీగ ఉంది. దాంతో దవడ కట్టేసి, కొసకి బిళ్ల నొక్కేసి పోయాడు. ఈ తీగ మెకానిక్కుల దగ్గర ఉండదు, మీ వాళ్ల దగ్గరే ఉంటుంది.”

“సీలు... అంటే భద్రంగా ఉన్నట్టు కదా,” అన్నాడు ఆఫీసరు. తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది.

“పోలీసులూ అలాగే అనుకున్నారు. ఇంతకుముందు నేనూ అలాగే అనుకున్నాను. సీలు కాకుండా మామూలు తీగ కట్టి ఉంటే ఇదేమిటని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.” ఆవిడ టార్చి ఇంకొంచెం దగ్గరగా పట్టింది. “ఇంకోటి. ఈ ముడి చూడండి. కొసలు సమంగా కత్తిరించి, గుచ్చుకోకుండా లోపలికి మడిచాడు. మొదటిసారి కట్టిన చెయ్యి ఇంత నీటుగా కట్టదు.”

ఆఫీసరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా నిటారయ్యాడు. జేబులు తడుముకున్నాడు. ఫోన్ చేతిలోకి వచ్చాక కూడా తడుముకుంటూనే ఉన్నాడు. గది బయటికి నాలుగడుగులు నడిచాడు కానీ గొంతు తగ్గించడం మర్చిపోయాడు.

“ఎక్కడున్నావు? ఇంట్లోనేనా? పాప ఏది? బయల్దేరారా... ఆగు. లిఫ్టెక్కొద్దు. మెట్లమీద దిగండి. ఏడంతస్తులైతే ఏడంతస్తులే, ఎత్తుకుని దిగు. ఎందుకేమిటి, చెబుతున్నాగా. పక్కింటావిడకి కూడా చెప్పు. వాచ్‌మన్‌కి చెప్పి కరెంటు తీయించెయ్. ముందు పాపని ఎత్తుకో.”

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. రిటైరైనా తగ్గని పోలీసు ఠీవి ఆయన భుజాల్లోంచి పోయింది. ఒక్కసారిగా ఒక మామూలు తాతయ్య నిలబడి ఉన్నాడు అక్కడ.

“మీ ఇంటికి ఎప్పుడొచ్చాడు?” అడిగింది అత్తగారు.

“మొన్న సోమవారం. పరీక్షయ్యాక మా లిఫ్టూ ఇలాగే ఆగిపోతూ వచ్చింది. పైకెళ్లి ఏదో చేశాడు. నడిచింది. నేనే భుజం తట్టి పంపాను.”

అక్క గోడని వదిలి ముందుకొచ్చింది. కళ్లు తుడుచుకుంది.

“సార్, మీ మనవరాలికి ముప్పై రోజులు పట్టలేదు.”

ఆయన తల దించుకున్నాడు.

“నా బస్సు ఎక్కే పిల్లల్లో సగం మంది లిఫ్టులున్న ఇళ్లలోంచే దిగుతారు. వాళ్లమ్మలు బటన్ నొక్కి లోపలికి పంపి, పైనుంచి నాకు చెయ్యూపుతారు. రేపెల్లుండి అర్జీ పెట్టమని వాళ్లందరికీ నేనెలా చెప్పను? మా తమ్ముడు ఈ రాత్రికి అక్కడే ఉంటాడు. వాడికి నేను చెప్పుకుంటాను. తిట్టినా పడతాను. మీరు నివేదిక మారుస్తారో మార్చరో మీ ఇష్టం. ఆ ఇన్‌స్పెక్టరు ఈ నెలలో వెళ్లిన ఇళ్ల పేర్లు చెప్పండి.”

“జాబితా ఆఫీసులో ఉంది,” అన్నాడాయన.

“గుర్తున్నవి చెప్పండి,” అంది అత్తగారు, ఫోన్ తీస్తూ. “మిగతావి దారిలో గుర్తు చేసుకుందురు గాని. సెక్రటరీ గారూ, మీరూ ఫోన్ తియ్యండి. ఒక్కొక్కరం ఒక్కో ఇల్లు.”

ఆఫీసరు మెట్ల గోడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అడగ్గానే ఒక్కసారైనా జవాబు చెప్పి ఎరగని మనిషి, మొదలుపెట్టడం ఎలాగో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు.

“మొదట పెద్దాసుపత్రికి చెయ్యండి,” అన్నాడు. “ప్రసూతి వార్డు వైపు. అక్కడ రెండు లిఫ్టులూ అతనే చూశాడు.”